కలపని రెండు డబ్బాలు

నేను బస్సు కండక్టర్ని. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. నా గొంతు గురించి మా ఇంట్లోవాళ్లకీ, చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ తిరిగేవాళ్లకీ ఉన్న అభిప్రాయం ఒకటే. మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినబడాలంటే మెల్లగా మాట్లాడితే పని జరగదు. టికెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి నేను ఏనాడూ వదల్లేదు. ఫలానా ఆయన మనిషినని చెప్పుకుంటూ ఎక్కినవాణ్ణయితే రెండు మాటలు ఎక్కువే అన్నాను.

అలాంటి నాకు డాక్టరు ముందు నోరు పెగలని రోజు ఒకటి వచ్చింది. ఎడమ రొమ్ములో గడ్డ. టికెట్ల బ్యాగు పట్టీ ఆ పక్కనే వేలాడుతుంది కాబట్టి అది ఒరుసుకుని కాయ కాసిందేమో అనుకుంటూ కొన్ని నెలలు గడిపేశాను. తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రికి పోయి సూది గుచ్చే పరీక్ష చేయించుకున్నాక తెలిసింది, పట్టీది ఏ పాపమూ లేదని. మా ఆయన అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయాడు. నేను మాత్రం ఆ డాక్టరమ్మను ఒకే ఒక మాట అడిగాను, మళ్లీ డ్యూటీ ఎక్కుతానా అని. ఎక్కించడానికే చూద్దాం అంది ఆమె.

ఆపరేషను, కీమో, మేం కరెంటు వైద్యం అనే రేడియేషను అన్నీ వరసగా అయ్యాయి. వాటి గురించి ఎక్కువ రాయను, పడినవాళ్లకు తెలుసు, పడనివాళ్లకు తెలియకపోతేనే మంచిది. జుట్టు ఊడిన సంగతి ఒక్కటి చెప్తాను. తిరుపతిలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, ఈ ఊళ్లో గుండుతో తిరిగే ఆడదాన్ని ఎవరూ జాలిగా చూడరు. బస్టాండులో పూలమ్మే ముసలామె నన్ను చూసి, "కొండకు పోయొచ్చినావా మే, లడ్డు యాడ?" అని చెయ్యి చాపింది. అయిపోయిందవ్వా అన్నాను. అన్ని లడ్లూ నువ్వే తినేసినావా అని తిట్టింది. ఆ తిట్టుకు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎన్నో రోజుల తర్వాత ఒక మనిషి నన్ను రోగిష్టిగా కాక మామూలు మనిషిగా తిట్టింది.

వైద్యం అంతా ముగిసి, ఇక ఇంటికి పోవడమే అనుకుంటున్నప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"మీకు ఇక మీదట రోజూ ఒక మాత్ర ఉంటుంది. మళ్లీ రాకుండా అందరికీ ఇచ్చేదే. అది ఎటూ ఇస్తాం. ఇప్పుడు దానితో పాటు ఇంకో కొత్త మాత్ర వేస్తే, మళ్లీ రావడం ఇంకా తగ్గుతుందా అని ఒక పరీక్ష జరుగుతోంది. దాన్ని ట్రయల్ అంటారు. మీరు దానికి సరిపోతారు. ఇష్టమైతే చేరండి, లేకపోతే లేదు. చేరకపోయినా మీ మామూలు వైద్యం ఏమీ తగ్గదు."

మా ఆయన చివాల్న లేచాడు. ఆయనకు బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉంది. చెట్టు కింద నిలబడి కాయ చూసి రేటు చెప్పగలడు కానీ, ఆసుపత్రిలో ఆయనకు అన్నీ అనుమానాలే.

"మా మీద పరీక్షలు సేస్తారా తల్లీ? ఎలకలు దొరకలేదా మీకు?"

డాక్టరమ్మ నవ్వింది. "ఎలకలు ఎప్పుడో అయిపోయాయి. ఆ తర్వాత కొద్దిమంది మనుషులకు ఇచ్చి, ఒంటికి ఎంత పడుతుందో, ఏమేం ఇబ్బందులు వస్తాయో చూశారు. అది కూడా దాటాకే ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే, ఇది నిజంగా పని చేస్తుందా, చేయదా అని."

అలా తేల్చడానికి చేరినవాళ్లందరినీ రెండు భాగాలు చేస్తారట. ఒక భాగానికి కొత్త మాత్ర. ఇంకో భాగానికి అదే రంగు, అదే సైజులో ఉండే ఉత్త మాత్ర, అందులో మందేమీ ఉండదు. ఎవరికి ఏది అనేది కంప్యూటరు లాటరీ తీసినట్టు తీస్తుంది. నాకు వచ్చింది ఏదో నాకు తెలియదు. డాక్టరమ్మకూ తెలియదు.

ఇది విని నాకు ఒళ్లు మండింది. డాక్టరుకే తెలియని మందు ఏం మందు? అదే అడిగాను, నా బస్సు గొంతుతోనే. పక్క గదిలోంచి ఎవరో తలుపు తీసి చూశారు.

"మీకు అసలు మందు అని తెలిసిందనుకోండి," అంది డాక్టరమ్మ. "చిన్న నలత ఉన్నా బాగున్నానంటారు. ఉత్తదని తెలిస్తే ప్రతి నొప్పికీ భయపడతారు. నేనూ అంతే. తెలిస్తే నా కళ్లు కూడా నాకు కావలసిందే చూస్తాయి."

అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. ముందు స్టాపులో చెకింగ్ ఉందని డ్రైవర్లు సైగ చేసుకున్న రోజు, బస్సులో అందరి దగ్గరా టికెట్లు ఉంటాయి. ఆ రోజు లెక్క చూసి మా రూట్లో జనం అంతా నిజాయితీపరులని రాస్తే ఎలా ఉంటుంది? నిజం తెలియాలంటే చెకింగ్ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఆ మాట నేను అనగానే డాక్టరమ్మ, ఇది నేను ఇంకొకరికి చెప్పేటప్పుడు వాడుకుంటానమ్మా అంది.

కాగితాలు ఇంటికిచ్చి పంపింది, చదువుకుని నాలుగు రోజులు ఆలోచించుకోమని. తెలుగులోనే ఉన్నాయి కానీ, ఆ తెలుగు మాట్లాడే మనిషిని నేను ఏ బస్సులోనూ చూడలేదు. ఒక్కో వాక్యం మూడేసి సార్లు చదివాం. అర్థం కాని చోటల్లా పెన్సిలుతో గీత గీశాను. మా ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని వింటూ ఉన్నాడు. ఉత్త మాత్ర సంగతి వచ్చినప్పుడు లేచి కూర్చున్నాడు.

"మే, ఇది మన తోటలో నేను సేసే పనే గదా?"

ఆయన మాట నిజమే. పూతకు తేనెమంచు పురుగు పట్టినప్పుడు దుకాణంవాడు కొత్త మందేదో అంటగడతాడు. మా ఆయన దాన్ని తోటంతా కొట్టడు. ఒక వరస చెట్లకు కొట్టకుండా వదిలేస్తాడు. పూత నిలబడింది మందు వల్లనో, ఆ ఏడు మంచు పడక నిలబడిందో ఆ వరసను చూస్తేనే తెలుస్తుందంటాడు.

"ఆ కొట్టని వరసలో నేనుంటే?" అన్నాను.

ఆయన మంచం దిగి నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు సెట్టు కాదు గదా," అన్నాడు. "నీకు మామూలు మందు ఎట్లాగూ ఇస్తారంట. సేరాలా వద్దా అనేది నీ ఇష్టం. ఒళ్లు నీది, నేను సెప్పను."

నేను చేరాను. ఎందుకు చేరానంటే, ఒకటి, కొత్త మందు దక్కుతుందేమోననే ఆశ, దాన్ని దాచుకోను. రెండోది, వార్డులో నా పక్క మంచాల మీద పడుకున్న ఆడవాళ్ల ముఖాలు. మేం వేసుకుంటున్న ప్రతి మాత్రా ఎవరో ఒకరు మా ముందు వేసుకుని చూపించిందేనని డాక్టరమ్మ అన్న మాట నా మనసులో కూర్చుండిపోయింది. వాళ్లెవరో నాకు తెలియదు. ఊరకే వాళ్ల టికెట్టు మీద నేను ప్రయాణం చేస్తున్నట్టు అనిపించింది, అది నాకు నచ్చలేదు.

సంతకం పెట్టే రోజు వీడియో తీశారు. నాకు అర్థమైంది నా మాటల్లోనే చెప్పమన్నారు. తలకు కొత్త స్కార్ఫు కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పాను.

"నాకు అందరికీ ఇచ్చే మాత్ర ఇస్తారు. దాంతో పాటు ఇంకోటి ఇస్తారు. అది మందో, ఉత్తదో నాకు తెలీదు, డాక్టరమ్మకు తెలీదు. నాకు వద్దనిపించిన రోజు యాడ కావాలంటే ఆడ దిగిపోతాను. ఎందుకు దిగినావని ఎవురూ అడగకూడదు, నా వైద్యం ఆపకూడదు. ఈ మాత్ర వల్ల నాకేమన్నా అయితే సూసుకోవాల్సింది వాళ్లే."

"సరిగ్గా చెప్పారమ్మా," అన్నాడు కెమెరా పట్టుకున్నతను. "కానీ ఇంత గట్టిగా అక్కర్లేదు, మైకు ఉంది."

ఇక మా బావ సంగతి. మా ఆయన అన్న. మామిడి పల్పు ఫ్యాక్టరీలకు కాయలు తోలే లారీలు చూసుకుంటాడు, ఊళ్లో ప్రతి నాయకుడి పీఏ ఫోను నంబరూ ఆయన దగ్గర ఉంటుంది. మా వైపు కొండకు పోవాలంటే ముందు వెతికేది సిఫారసు లెటరు. దాన్ని తెచ్చి ఇచ్చేవాడు మా బావ. చుట్టాలకు, చుట్టాల చుట్టాలకు బ్రేకు దర్శనం చేయించిన ఘనుడు. సగం మందికే అసలు మాత్ర అని తెలిసిన రోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు.

"పాపకు ఉత్తది వస్తే ఏం గతిరా?" అని నన్ను చూపిస్తూ మా ఆయన్ని నిలదీశాడు. "దేవుడి ముందరికే లెటరుతో పోతాండామే, ఒక మాత్రకు లెటరు పని సెయ్యదా?"

వద్దు బావా అన్నాను. విన్నాడా? మొదటి డబ్బా తీసుకోవడానికి నేను డాక్టరమ్మ గదిలో కూర్చుని ఉండగా ఆమె ఫోను మోగింది. ఎవరో పీఏ. మా మనిషి, మంచి మాత్రే పడేట్టు చూడండి అంటున్నాడు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడంటే, నాకే అసూయ వేసింది.

"అయ్యా," అంది డాక్టరమ్మ ఎంతో మర్యాదగా, "ఎవరికి ఏది పడుతుందో మీ సారుకు తెలిస్తే నాకు కూడా చెప్పమనండి. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆమె కోప్పడలేదు. "ఆ కంప్యూటరుకు మీ ఊరు తెలియదు, కులం తెలియదు, మీ బావగారు తెలియదు. ఎవరి మాటైనా విన్నదంటే ఆ క్షణమే ఈ పరీక్ష చెల్లదు," అంది.

నిజం చెప్పొద్దూ, నాకు భలే సంతోషమైంది. నా జీవితమంతా ఫలానా వాళ్ల మనుషులతో పోట్లాడుతూ వచ్చాను. ఎవడి పలుకుబడీ పారని చోటు ఒకటి ఈ జిల్లాలో ఉందంటే, అందులో నేను కూర్చుని ఉన్నానంటే, గర్వంగా ఉండదా? ఆ సాయంత్రం ఇంటికి పోయి బావను ఏకిపారేశాను. ఆయన చెప్పులేసుకుంటూ, ఉత్తది వస్తే నన్ననొద్దు అని వెళ్లిపోయాడు.

నగరి అక్క నాకు ఆ ట్రయల్ వరండాలోనే పరిచయం. ఊరు నగరి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. మగ్గం పోయి మరమగ్గం వచ్చాక లుంగీలు నేసే షెడ్డులో పని చేసేది. చదువు రాదు. ఆమెకు కాగితాలు చదివి చెప్పడానికి ఆసుపత్రికి సంబంధం లేని ఒక పెద్దమనిషిని సాక్షిగా కూర్చోబెట్టి, ఒక్కో ముక్కా విప్పి చెప్పించారట. తెలుగులో మొదలుపెట్టిన మాట అరవంలో ముగించేది. మేమిద్దరం ఆసుపత్రికి రావాల్సింది నెలనెలా ఒకే రోజు. రక్తం ఇచ్చి, మిగిలిన మాత్రలు అప్పజెప్పి, కొత్త డబ్బా తీసుకునేలోపు మధ్యాహ్నం అయ్యేది. వరండా చివర బెంచీ మీద ఇద్దరం సద్ది విప్పుకునేవాళ్లం. ఆమె చింతపండు అన్నం నాకు, నా బంగాళాదుంప వేపుడు, మా మాటలో ఉర్లగడ్డ, ఆమెకు.

మొదటి నెలల్లోనే నాకు ఒకసారి కడుపు పాడైంది. మనిషి అన్నవాడికి కడుపు పాడైతే బాధపడాలి. నేను ఎగిరి గంతేశాను. ఆ మందుకు అలా అవుతుందని కాగితంలో ఉంది మరి. నాది అసలు మాత్రే అని ఇంట్లో, డిపోలో, ఆఖరుకు బావకు కూడా ఫోను చేసి చెప్పాను. ముందు రోజు కాణిపాకం రోడ్డులో తిన్న మిరపకాయ బజ్జీల సంగతి మాత్రం డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే గాని బయటికి రాలేదు.

నగరి అక్కకు అలాంటి సంబరం లేదు. ఆమెకు వచ్చింది నాకంటే ముదిరిన రకం, చంకలోకి కూడా పాకింది. వాళ్లమ్మ ఇదే జబ్బుతో పోయింది. ఆ చావును అక్క దగ్గరుండి చూసింది. ఒక రోజు సద్ది తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి, సంచిలోంచి తన డబ్బా తీసి నా డబ్బా పక్కన పెట్టింది. ఒళ్లో ఒక లుంగీ ముక్క పరిచింది.

"ఇదో సూడు అమ్మణ్ణీ. నీది అసలుదో, నాది అసలుదో మనకు తెలీదు. రెండూ కుమ్మరించి కలిపేస్తాం. సగం నీకు, సగం నాకు. ఇద్దరికీ సగం మందన్నా పడతాది గదా? కొండ లడ్డు వస్తే ఒక్కరే తింటామా, ఇరుగుపొరుగుకంతా తుంచి పెట్టమా? నాకు రొంబ భయంగా ఉండాది మే."

మా ప్రాంతంలో ఇది ఎంత సహజమైన మాటో చెప్పాలి. లడ్డు ఎంత చిన్నదైనా వీధంతా పంచాలి. చిటికెడు అందినా అందినట్టే, పుణ్యం సగమైపోదు. అక్క నన్ను మోసానికి పిలవలేదు. తన దగ్గర అసలు మందే ఉందేమో, అందులో సగం నాకు ఇస్తానంటోంది. అంత పెద్ద మనసు నాకు లేదు. మాత్రలు చూస్తే అచ్చం ఒకటే, లెక్క సరిపోతుంది, ఎవరికీ తెలియదు. నా చెయ్యి మూత మీదికి పోయింది కూడా.

ఆ బెంచీ పక్కనే అక్క కూతురు కూర్చుని ఉంది. పెళ్లయిన పిల్ల, ఆ రోజు అమ్మకు తోడు వచ్చింది. శ్రీ సిటీలో రాత్రి షిఫ్టు చేసి, ఫ్యాక్టరీ బస్సు దిగి నేరుగా వచ్చిందట, గోడకు తల ఆనించి నిద్రపోతోంది. అమ్మమ్మకు వచ్చింది, అమ్మకు వచ్చింది. నేను ఆ పిల్ల ముఖం చూశాను. నా చెయ్యి మూత మీద ఆగిపోయింది.

"అక్కా," అన్నాను. "మనం కలిపేస్తే ఈ మందు పని సేస్తాదో లేదో ఎవురికీ తెలీదు. రేపు నీ బిడ్డకొస్తే ఏం ఇయ్యాల? ఆ పొద్దు డాక్టరమ్మ మాకు తెలీదమ్మా అంటే ఏం సేస్తావు?"

నా గొంతు సంగతి చెప్పాను కదా. వరండా మొత్తం వినబడింది. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. కన్నబిడ్డ మీద అంత మాట అన్నాక ఏ తల్లి ఊరుకుంటుంది? లుంగీ ముక్క మడిచి, డబ్బా సంచిలో వేసుకుని, నన్ను చూడకుండా లేచి వెళ్లిపోయింది. నేను అన్న మాట సరైనదే. అన్న తీరుకు మాత్రం నా నాలుక కోసేసుకోవాలనిపించింది.

తర్వాతి నెల వరండా ఆ చివర కూర్చుంది. ఆ తర్వాతి నెల కూడా. నా ఉర్లగడ్డ వేపుడు నేనే తిన్నాను, సహించలేదు. అదే రోజుల్లో నాకు నడుం నొప్పి మొదలైంది. రొమ్ము క్యాన్సర్ ఎముకల్లోకి పాకుతుందని వార్డులో అందరికీ తెలుసు. స్కానుకు పంపారు. ఆ వారమంతా నేను, అక్క మాట విని ఉంటే సగం మందన్నా పడి ఉండేది కదా అని ఏడ్చాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, గొప్పలు పోవడం లేదు. బజ్జీల ధైర్యం ఎటు పోయిందో. రాత్రిళ్లు మా ఆయన నా నడుముకు కాపడం పెడుతూ, దిగిపోతావా మే, ఎవురూ అడగరన్నారు గదా అన్నాడు. దిగను అన్నాను. భయమేసింది కానీ దిగాలనిపించలేదు.

స్కానులో ఏమీ లేదు. గుంతల రోడ్డు మీద ఇన్నేళ్లు నిలబడి టికెట్లు కొట్టిన నడుము, అంతే. ఆ కాగితం మేం నెలనెలా వచ్చే రోజునే చేతికొచ్చింది, పట్టుకుని బయటికి వస్తే మా బెంచీ మీద నగరి అక్క కూర్చుని ఉంది. మునక్కాయ సాంబారన్నం డబ్బా విప్పి నా వైపు జరిపింది.

"నాది నేనే మింగతాండా," అంది. "ఒక్కటి కూడా ఆపలేదు. తిను."

ఇద్దరం ఏడుస్తూనే తిన్నాం. ఆ పూట సాంబారంత రుచి నేను ఎన్నడూ ఎరగను.

ఏళ్లు గడిచాయి. నా జుట్టు మళ్లీ వచ్చింది, ముందుకంటే ఒత్తుగా. నేను డ్యూటీ ఎక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక నా బస్సులో జనం రెట్టింపు, నా అరుపులూ రెట్టింపు. ప్రతి పొద్దునా, మొదటి ట్రిప్పుకు ముందు, డిపో కుళాయి దగ్గర రెండు మాత్రలు మింగేదాన్ని. ఒకటి తెలిసినది, ఒకటి తెలియనిది.

చివరకు డాక్టరమ్మ మా అందరినీ పిలిపించింది. ట్రయల్ ముగిసింది. ఎన్నో ఊళ్లలో, ఎన్నో ఆసుపత్రుల్లో ఇదే మాత్ర వేసుకున్నవాళ్ల లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూశారట. కొత్త మాత్ర పని చేసింది. అది వేసుకున్నవాళ్లలో జబ్బు మళ్లీ రావడం తగ్గింది. ఇక ఇలాంటి జబ్బున్నవాళ్లకు దాన్ని మామూలుగానే రాసి ఇస్తారు. గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. అది మా ఆయనే.

తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి ఎవరిది ఏదో చెప్పారు. డాక్టరమ్మకూ అప్పుడే తెలిసింది. నా పేరున్న కవరు విప్పి చూసి, నన్ను చూసి, "మీది ఉత్త మాత్ర," అంది.

నాకు ముందు వచ్చింది కోపం. "ఇన్నేండ్లా? పొద్దున్నే లేచి, అన్నం కూడా తినకముందు, నేను మింగింది ఉత్త మాత్రా?" అని అరిచాను. బావ ముఖం కళ్ల ముందు మెదిలింది. డాక్టరమ్మ నన్ను అరవనిచ్చింది. అరుపు అయిపోయాక నా రిపోర్టులు తిప్పి చూపించింది. అందరికీ ఇచ్చే మాత్రతోనే నా ఒళ్లు శుభ్రంగా ఉంది. ఇప్పుడు కావాలంటే కొత్త మాత్ర నాకూ ఇస్తారు, నాకు దానివల్ల ఎంత లాభమో కూర్చుని మాట్లాడుకుందాం అంది.

మా ఆయన ఆ రిపోర్టులు తీసి సంచిలో పెట్టాడు. మెల్లగా అన్నాడు. "మందు కొట్టని వరసవి నువ్వే. ఆ వరస లేకుంటే మందు గెలిచిందని ఎవుడు సెప్తాడు?"

ఆ మాట నా లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. దిగాక నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. నేను మింగిన ప్రతి ఉత్త మాత్రా లెక్కలోకి వచ్చింది. నాలాంటివాళ్లు లేకపోతే ఆ కొత్త మాత్ర పక్కన పెట్టి చూడటానికి ఎవరూ లేరు. మేం నిలబడ్డాం కాబట్టే అది గెలిచింది. ఏ సిఫారసూ లేకుండా, ఎవరి మనిషినీ కాకుండా, నా వంతుకు వచ్చిన సీట్లో చివరి స్టాపు దాకా కూర్చున్నాను. నా జీవితంలో ఇంతకంటే గర్వపడ్డ రోజు లేదు. గట్టిగా చెప్పమన్నా చెప్తాను.

మా ఆయన ముందు బయటికి పోయాడు. కాగితాల మీద సంతకాలు పెట్టి నేను వచ్చేసరికి నగరి అక్క బెంచీ మీద కుమిలి కుమిలి ఏడుస్తోంది. ఏమైందక్కా అని పక్కన కూలబడ్డాను.

"నాది అసలుదంట మే," అంది వెక్కుతూ. "నాకు బాగుండాది. నీది ఉత్తదని ఇప్పుడే సెప్పినాడు మీ ఆయన. ఆ పొద్దు కలిపేసి ఉంటే నీకు సగమన్నా దక్కుండేది గదా."

ఎవరి కోసం ఏడుస్తోందో అప్పుడు అర్థమైంది. ఆమె చంకలోకి పాకిన జబ్బు, వాళ్లమ్మ చావు, ఆ రోజు ఒళ్లో పరిచిన లుంగీ ముక్క అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మూత మీద ఆగిన నా చెయ్యి కూడా.

"కలిపేసి ఉంటే," అన్నాను, "నీకు సగం పోయుండేది గదక్కా."

అక్క ఏడుపు ఆపి నా ముఖంలోకి చూసింది. ఆ మాట ఆమెకు ఎన్నడూ తట్టలేదు. తను ఇవ్వబోయిన దాని గురించే తప్ప పోగొట్టుకోబోయిన దాని గురించి ఆమె ఆలోచించే మనిషి కాదు. నా చెయ్యి పట్టుకుంది. ఎముకలు నొప్పెట్టేలా పట్టుకుంది, మగ్గం మీద పని చేసిన చెయ్యి కదా. చాలాసేపు వదల్లేదు.

బస్టాండు దాకా కలిసే వచ్చాం. వస్తుంటే కూతురికి ఫోను చేసి చెప్పింది, తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించింది. ఆ పిల్లకు ఈ జబ్బు ఎన్నటికీ రాకూడదు. ఒకవేళ వస్తే ఏం ఇవ్వాలో ఇప్పుడు డాక్టర్లకు తెలుసు.

నగరి బస్సు నిండిపోయి ఉంది. అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగాను. ఆ బస్సు కండక్టరు మెతక మనిషి, ఎవరితోనో చిల్లరకు గొణుగుతున్నాడు, బండి కదలడం లేదు. నాకు ఆ రోజు డ్యూటీ లేదు, ఒంటి మీద ఖాకీ కూడా లేదు. అయినా కింద నిలబడి, నా గొంతంతా తెరిచి, "రైట్, రైట్!" అని అరిచాను. డ్రైవరు వెనక్కి తిరిగి కూడా చూడకుండా బండి తీశాడు.